ఆటోలో రీడింగు హాలు

మా ఊరి గ్రంథాలయానికి ఇంతమంది వస్తారన్న సంగతి, అది మూసేసిన రోజుగాని నాకు తెలియలేదు.

నా భార్య స్వర్ణలత అందులోనే పనిచేస్తుంది. భట్టిప్రోలు నుంచి రేపల్లె వెళ్ళే దారిలో, కాలవ దాటగానే కనిపించే పెంకుటిల్లు అది. ఒక హాలు, ముందు వరండా, కాస్త ఖాళీ స్థలం, అందులో ఒక బాదం చెట్టు, ఇనప గేటు. రోజూ పొద్దున ఆమెను గేటు దగ్గర దించి నేను ఆటో తెనాలి రోడ్డు ఎక్కించేవాణ్ణి. లోపల ఏం చేస్తావని ఎప్పుడూ అడగలేదు. అడిగినవాళ్ళకి పుస్తకం ఇస్తుంది, తెచ్చినవాళ్ళ దగ్గర తీసుకుంటుంది, ఇంకేం ఉంటుంది అనుకునేవాణ్ణి.

ఆ మార్చిలో లాక్‌డౌన్ అన్నారు. ఆటో ఆగిపోయింది. గ్రంథాలయానికీ తాళం, మా లూథరన్ గుడికీ తాళం. కుర్చీలు ఎత్తి బల్లల మీద పెట్టాలి, సాయం రండి అని స్వర్ణ అంటే వెళ్ళాను. తాళం వేసేలోపే గేటు అవతల లక్ష్మీనారాయణ మాస్టారు నిలబడి ఉన్నారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి.

"పేపరొచ్చిందా అమ్మా?"

"వచ్చిందండి. లోపలికి మాత్రం రానివ్వకూడదు మాస్టారూ."

"లోపలికి వస్తానన్నానా నేను? గేటుకి ఆనించి పట్టుకో. చదువుకుని పోతా."

"అన్నీ ఆ రోగం వార్తలేనండి. టీవీలో చెప్తూనే ఉన్నారుగా."

"టీవీలో వాడికిష్టమైంది వింటాం. పేపర్లో మనకిష్టమైంది చదువుతాం. పట్టుకో."

స్వర్ణ నిజంగానే పేపరు విప్పి గేటు చువ్వలకి ఆనించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, చదువుతూ చదువుతూ "ఊఁ, తిప్పు" అంటున్నారు. నేను కుర్చీ చేత్తో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయాను.

ఆయన వెనక, దూరంగా, భుజానికి బ్యాగుతో ఒక అమ్మాయి. దర్జీ రహమతుల్లా కూతురు సానియా. డిగ్రీ అయిపోయి, గ్రామ సచివాలయం ఉద్యోగాల పరీక్షకి చదువుకుంటోంది. హాల్లో స్వర్ణ బల్ల పక్కనున్న కుర్చీ ఆ పిల్లదేనట. మేడం గారి కళ్ళెదుట కూర్చుంటుందన్న భరోసాతోనే వాళ్ళ నాన్న పంపేవాడట.

"మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు మేడం గారూ?"

"మాకేం చెప్పలేదమ్మా. తెలిస్తే ఫోన్ చేస్తాలే."

"ఆ పెద్ద పుస్తకం..."

"అది హాల్లోనే చదవాలి కదా తల్లీ. ఇంటికివ్వకూడదు."

ఆ పిల్ల కాలవ గట్టు పట్టుకుని వెళ్ళిపోయింది.

"హాల్లోనే చదవాలంటే ఏంటి?" అని అడిగాను.

"పోటీ పరీక్షల పుస్తకాలు ఒక్కో కాపీయే ఉంటాయండి. ఒకళ్ళు పట్టుకుపోతే మిగతావాళ్ళకి ఉండవు. అందుకని ఇక్కడే చదువుకోవాలి."

"మరి హాలు మూసేస్తే, హాల్లోనే చదవాల్సిన పుస్తకం ఎక్కడ చదవాలి?"

"నన్నడిగితే? పైవాళ్ళనడగండి."

"పైవాళ్ళకి తెలుసంటావా?"

"ముందా కుర్చీ ఎత్తండి మహానుభావా."

జూన్ వచ్చేసరికి కొంచెం సడలించారు. పుస్తకాలు ఇవ్వొచ్చు, ఎవరినీ కూర్చోనివ్వకూడదు. తిరిగొచ్చిన పుస్తకాన్ని మూడు రోజులు ఎవరూ ముట్టుకోకుండా విడిగా ఉంచాలి. దానికోసం స్వర్ణ వరండాలో ఒక బీరువా ఖాళీ చేసింది. నాకు అదంతా వింతగా ఉండేది. మనుషుల్ని పద్నాలుగు రోజులు గదిలో పెడుతున్నప్పుడు పుస్తకానికి మూడు రోజులు చాలా అని ఇంట్లో అడిగాను.

మంచం మీద నుంచి మా అమ్మ రాజమ్మ అందుకుంది. "చాల్లేరా. మన ఏసుప్రభువుకే మూడు రోజులు సరిపోయింది."

"అది సమాధిలోంచి లేవడానికమ్మా. ఇది పురుగు చావడానికి."

"ఏదైనా మూడు రోజులే. నీకన్నీ సందేహాలే."

జనం గేటు దాకా రావడానికి కూడా భయపడుతున్నారు. ఫలానా పుస్తకం కావాలని స్వర్ణకి ఫోన్ చేస్తే, ఆమె తీసి పెడుతుంది, నేను ఆటోలో ఇంటికి చేరుస్తాను. ఎలాగూ ప్యాసింజర్లు లేరు. మొదట్లో పుస్తకాలు పేపర్లో చుట్టి తీసుకెళ్ళాను. పేపరు మీద రోగం వస్తుందని అప్పుడొక భయం ఉండేది కదా, చాలామంది పేపరే మానేశారు. పుస్తకాన్ని కర్రతో లోపలికి నెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ప్లాస్టిక్ కవర్లు తెద్దామంటే, చెమ్మ పట్టి అట్టలు పాడవుతాయని స్వర్ణ ఒప్పుకోలేదు.

అప్పుడు మా అమ్మ తన ట్రంకు పెట్టె తీయించింది. అందులో మా గుడి క్యాలెండర్లు, ఎన్నేళ్ళవో. నెలకొక బొమ్మ, బొమ్మ కింద బైబిలు వాక్యం. గొర్రెపిల్లని భుజాన వేసుకున్న కాపరి, నీళ్ళ మీద నడుస్తున్న ప్రభువు. దేవుడి మాట ఉన్న కాగితం చెత్తలో పడకూడదని ఆమె ఒక్కటి కూడా పారేయనిచ్చేది కాదు. అలాంటిది తానే తీసి ఇచ్చింది.

"మందంగా ఉంటాయి, ఎవరి చెయ్యీ తగల్లేదు. వీటిలో చుట్టండి."

ఇవ్వడమే కాదు, చుట్టడం కూడా తానే మొదలుపెట్టింది. వాక్యం పైకి కనపడేట్టు మడత పెట్టేది.

"దీనివల్ల రోగం ఆగుతుందా అమ్మా?"

"ఆగితే ఆగుద్ది. లేకపోతే తోడుంటది."

మా వీధంతా క్రైస్తవులమే. అందులో ఎవరికైనా ఇబ్బంది ఉంటుందన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఆ నెలలో నేను ఊళ్ళో మనుషుల్ని కొత్తగా చూశాను. పొన్నూరులో రైసు మిల్లు గుమాస్తాగా చేసే ఆయన మూలికల పుస్తకాలు తప్ప ఇంకోటి ముట్టడు. పాస్టరయ్యగారి భార్య, మాకందరికీ అమ్మగారు, డిటెక్టివ్ నవలలు అడిగారు. "పైకి పేరు కనపడకుండా చుట్టించు నాయనా" అని మరీ చెప్పారు. ఏళ్ళ తరబడి నా ఆటో ఎక్కి దిగినవాళ్ళే వీళ్ళంతా. ఒక్కరి గురించీ నాకేమీ తెలియదు.

రహమతుల్లా ఇంటికి వారానికోసారి వెళ్ళేవాణ్ణి. సానియా ఇంటికి ఇవ్వదగ్గవి, పాత సోషల్ పాఠ్యపుస్తకాలు, తెప్పించుకునేది. వాళ్ళది ఒకటే గది. అందులో మిషను. పంచాయతీకి మాస్కులు కుట్టే పని వచ్చింది, రహమతుల్లా పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా లేచేవాడు కాదు. గడపలో నిలబడితే గుండెల్లో కొట్టుకున్నట్టు ఉండేది ఆ చప్పుడు.

"చదువు ఎలా సాగుతోందమ్మా?"

"ఏంటి బాబాయ్?"

"చదువు! చదువు!"

"ఇదుగో, ఇలాగే సాగుతోంది!" అని తనూ అరిచింది.

వాళ్ళమ్మ మస్తాన్ బీ మాస్కులకి ఎలాస్టిక్ కుడుతూ అంది. "పెరట్లో డ్రమ్ము పక్కన కూర్చుంటదన్నా. ఎండొస్తే అటు, వానొస్తే ఇటు. మిషను ఆపమందామంటే ఇప్పుడు ఇంటికి అదొక్కటే ఆధారం."

సానియా నాతో పాటు ఆటో దాకా వచ్చింది. "పరీక్ష సెప్టెంబరులో అంటున్నారు బాబాయ్. ఆ పెద్ద పుస్తకంలో సగం నోట్సు రాసుకున్నా. మిగతా సగం లోపలుండిపోయింది. నాన్న ఈ ఒక్కసారికి రాయమన్నారు. మళ్ళీ అంటే ఒప్పుకోరు."

ఆ మధ్యాహ్నం స్వర్ణ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చున్నాను.

"గ్రంథాలయం అంటే హాలు ఒక్కటేనా? గేటు లోపలంతానా?"

"గేటు లోపలంతా గ్రంథాలయం ఆవరణే."

"అయితే పుస్తకం గేటు దాటనంతవరకూ బయటికి పోయినట్టు కాదు."

"కాదు."

"మనిషి గుమ్మం దాటనంతవరకూ హాల్లోకి వచ్చినట్టూ కాదు."

ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "అయితే ఏంటి? ఆ పిల్లని ఎండలో నిలబెట్టి చదివించమంటారా?"

"నా ఆటోకి టాపుంది కదా."

ఆమె కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. మర్నాడు పొద్దున మాత్రం, "ఆటో సబ్బు నీళ్ళతో కడిగి తీసుకురండి. సీటు కింద కూడా" అంది.

బాదం చెట్టు కింద ఆటో పెట్టాను. సానియా వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని, ఆ లావుపాటి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తోడుగా వచ్చిన మస్తాన్ బీ మాస్కుల మూట విప్పుకుని వరండా మెట్టు మీద. ఆ పుస్తకం ఇంకెవరికీ ఇవ్వం కాబట్టి దానికి మూడు రోజుల విశ్రాంతి అక్కర్లేదని స్వర్ణ తేల్చింది. పొద్దున పూట నేను రేపల్లెకి ఒకటి రెండు ట్రిప్పులు వేసుకుని, ఎండెక్కేసరికి ఆటో తెచ్చి చెట్టు కింద పెట్టేవాణ్ణి. ఆటో ఆవరణలో ఉన్నంతసేపూ నాకు పనిలేదు. నేనూ ఒక పుస్తకం తీసుకుని అవతలి మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాను. ఒక్కో పేజీకి చాలాసేపు పట్టేది.

గేటు దగ్గర పేపరు కోసం వచ్చిన మాస్టారు లోపలికి తొంగి చూశారు. "ఇదేంటమ్మాయ్, ఈ ఆటో ఎక్కడిదాకా వెళ్తుంది?"

"బాపట్ల దాకా మాస్టారూ. పరీక్ష సెంటరు అక్కడేనంట."

"అయితే గట్టిగా పట్టుకుని కూర్చో. మధ్యలో దిగమాక."

ఆగస్టులో ఒకరోజు ఆ పిల్ల రాలేదు. మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎవరికైనా జ్వరమేమోనని భయపడుతూ వాళ్ళింటికి వెళ్ళాను. వీధి మలుపులోనే తేడా తెలిసింది. మిషను చప్పుడు లేదు.

రహమతుల్లా గడపలోకి వచ్చాడు. చేతిలో చక్కగా మడిచి, గుడ్డపేలికతో కట్టిన కాగితాల కట్ట.

"రాజన్నా, ఇవి మీవి."

చూస్తే మా అమ్మ క్యాలెండరు కాగితాలు. వారం వారం నేను తెచ్చిన పుస్తకాలకు చుట్టినవి. ఒక్కదానికి ముడత లేదు.

"ఇవెందుకు దాచావు భాయ్? పారేయాల్సింది."

"ఎట్లా పారేస్తాం అన్నా? దేవుడి మాట రాసుంది. మీ ఏసుప్రభువు మాకూ ప్రవక్తే, ఈసా అంటాం. అయితే బొమ్మ ఇంట్లో పెట్టుకోవడం మాకు కుదరదు. పారేయడం అంతకన్నా కుదరదు. ఏం చెయ్యాలో తెలీక మస్తాన్ బీ అటక మీద పెడుతూ వచ్చింది."

"ఒక్క మాట చెప్తే..."

"మీరు మంచికి చేస్తున్నారు. ఏమని చెప్తాం? మొన్న మా బావమరిది వచ్చి అటక మీద చూశాడు. వీళ్ళు పుస్తకాలు పంపుతున్నారా, మతం పంపుతున్నారా అనడిగాడు. వీధిలో నలుగురూ విన్నారు. నేనట్లా అనుకోలేదన్నా. కాని వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. పిల్లని ఇక పంపను. ఏమీ అనుకోవద్దు."

సానియా పెరటి గుమ్మంలో నిలబడి వింటోంది. నా వైపు చూడలేదు.

ఆటో నడుపుతున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. మా ఇంటికి పుస్తకం వాళ్ళ దేవుడి మాటల్లో చుట్టి వస్తే మా అమ్మ ఏం చేసేది? పారేసేదా? దాచేదా? ఎవరైనా అడిగితే ఏం చెప్పేది? 

కట్ట తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టి, జరిగింది చెప్పాను. ఆమె పేలిక విప్పి ఒక్కో కాగితం అరచేత్తో నిమురుతూ చూసింది.

"ఎంత పదిలంగా ఉంచారురా! మన అమ్మగారింట్లో వీటిని ఏం చేశారో?"

పాస్టరయ్యగారింట్లో వాటిని వంటగట్టు మీద పరిచి ఉల్లిపాయలు పోశారు. నేను కళ్ళారా చూశాను. మా అమ్మకి మాత్రం చెప్పలేదు.

కాసేపయ్యాక, "ఆటో తియ్యి" అంది.

స్వర్ణ లేచి అడ్డం వచ్చింది. "అత్తయ్యా, మీ వయసువాళ్ళు గడప దాటకూడదు."

"ఆటో దిగను. సరేనా? నా మాస్కు ఇటివ్వు. ఆ పాత పుస్తకమొకటి కూడా ఇవ్వు, లావుపాటిది."

మార్చి తర్వాత మా అమ్మ బయటికి రావడం అదే మొదటిసారి. రహమతుల్లా గుమ్మం ముందు ఆటో ఆపితే, వాళ్ళు ముగ్గురూ కంగారుగా బయటికి వచ్చారు.

"బాబూ, అవి చుట్టింది నేను" అంది మా అమ్మ, ఆటోలో నుంచే. "భయమేసి చుట్టా. నీ కూతుర్ని మార్చడానిక్కాదు. మా ఇంట్లో జ్వరమొచ్చినా, పిల్లకి పరీక్షొచ్చినా నాకు తెలిసింది ఆ వాక్యమొక్కటే. మీకెట్లా ఉంటదో ఆలోచించలా."

"అయ్యో పెద్దమ్మా, ఇంతమాత్రానికి మీరు రావాలా?"

"వచ్చింది దానికి కాదు. ఇంక ఆ కాగితాలు చుట్టను. మరి దేంట్లో చుట్టమంటావు? పేపరైతే జనం ముట్టరు. ప్లాస్టిక్కంటే మా కోడలు ఒప్పుకోదు. నువ్వు దర్జీవి, నువ్వు చెప్పు."

రహమతుల్లా మా అమ్మ ఒళ్ళో ఉన్న పుస్తకం వైపు చూశాడు. వెనక్కి తిరిగి గదిలో మూలనున్న మాస్కుల గుడ్డ ముక్కల వైపు చూశాడు. చెయ్యి చాచి పుస్తకం తీసుకుని, అటూ ఇటూ తిప్పి, దాని వెన్ను మీద బొటనవేలితో నిమిరాడు.

"సానియా, ఆ టేపు ఇటివ్వు."

ఆ పిల్ల టేపు తెచ్చింది. ఆయన పుస్తకం పొడవు, అడ్డం, మందం కొలిచి, కూతురికి పైకి చెప్తున్నాడు. ఆమె రాసుకుంటోంది.

"కొంచెం వదులు పెట్టు నాయనా. ఇంతకన్నా లావుపాటివి కూడా ఉంటాయి" అంది మా అమ్మ.

"అవి రేపు పిల్ల కొలుచుకొస్తుంది లెండి, అక్కడే ఉంటుందిగా" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

ఆ తర్వాత మా ఊళ్ళో పుస్తకాలు గుడ్డ సంచుల్లో తిరిగాయి. తిరిగొచ్చిన సంచిని స్వర్ణ వేడినీళ్ళలో ఉడికించి ఆరేసేది. వరండాలో తాడు నిండా పూల గుడ్డలు, చారల గుడ్డలు వేలాడుతుంటే, పేపరు కోసం వచ్చిన మాస్టారు, "ఎవరింట్లో పురుడమ్మా?" అన్నారు.

సెప్టెంబరులో పరీక్షకి బాపట్ల వెళ్ళాం. సానియా, మస్తాన్ బీ వెనక, రహమతుల్లా నా పక్కన. దారిపొడవునా వరి నాట్లు పడిన చేలు పచ్చగా ఉన్నాయి. సెంటరు గేటు దగ్గర నుదుటికి జ్వరం చూసే ఆ తుపాకీ లాంటిది పెట్టి చూసి పిల్లని లోపలికి పంపారు. మేం రోడ్డు అవతల నిలబడ్డాం. నేను కళ్ళు మూసుకుని ఉంటే రహమతుల్లా అడిగాడు.

"ఏం అడుగుతున్నావు రాజన్నా?"

"చదివిందే రావాలని."

"నేనూ అదే అడిగా." మాస్కు సర్దుకుని, "ఇద్దరం ఒకటే అడిగితే ఆయన విసుక్కోడుగా?" అన్నాడు.

నాకు తెలిసింది కాదు. విసుక్కోడనే చెప్పాను.

బయటికొచ్చిన సానియాని ఎలా రాశావని ఇద్దరం ఒకేసారి అడిగాం. "లోపల బల్ల ఉంది బాబాయ్. అలవాటు కొద్దీ పేపరు ఒళ్ళో పెట్టుకుంటే, ఇన్విజిలేటరు వచ్చి పైకి పెట్టమన్నాడు" అని నవ్వింది. ఎలా రాసిందో చెప్పలేదు.

శీతాకాలం మొదలవుతుండగా హాలు తెరుచుకోమన్నారు. కుర్చీకీ కుర్చీకీ మధ్య దూరం, గుమ్మంలో శానిటైజరు. గుడి కూడా తెరిచారు. మాస్టారు అందరికన్నా ముందు వచ్చి, పేపరు తనే పట్టుకుని, తనే తిప్పుకుంటూ చదువుకున్నారు. నేను ఆటో తీసుకుని మళ్ళీ తెనాలి రోడ్డు పట్టాను. ఏ పూటకాపూట గడిచిపోతోంది.

సానియాకి ఉద్యోగం వచ్చింది. పొన్నూరు దగ్గర ఒక ఊళ్ళో, సచివాలయంలో. ఆ కబురు చెప్పడానికి వచ్చిన రోజున నేను స్వర్ణని దించి ఇంకా గేటు దగ్గరే ఉన్నాను. స్వర్ణ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది, దూరం సంగతి మర్చిపోయి. వెనకాల ఇంకో అమ్మాయి నిలబడి ఉంది.

"ఇది సుజన మేడం గారూ. కాలవ అవతల ఉంటారు. తనూ పరీక్షలకి చదువుతుంది."

"రామ్మా, లోపల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి."

ఆ అమ్మాయి సానియా వైపు చూసింది. సానియా గొంతు తగ్గించింది. "వాళ్ళ నాన్న గ్రంథాలయానికి పంపరంట మేడం గారూ. ఆటోకైతే పంపుతానన్నారంట."

నాకు నవ్వొచ్చింది. "హాలు తెరిచారుగా తల్లీ, ఇంకా ఆటో ఎందుకు?" అన్నాను.

"లోపల అందరూ మగవాళ్ళే ఉంటారు కదండి" అంది సుజన, నేల చూపులు చూస్తూ. "మా వీధిలో ఇంకా ఇద్దరున్నారండి."

నేను హాలు వైపు చూశాను. మాస్టారు, మిల్లు గుమాస్తా, ఇంకా నలుగురైదుగురు. అంతా మంచివాళ్ళే. ఒక్క ఆడపిల్ల లేదు. సానియా కూడా ఇన్నాళ్ళూ స్వర్ణ బల్లని ఆనుకునే ఎందుకు కూర్చుందో అప్పుడు అర్థమైంది.

స్వర్ణ కూడా హాలు వైపు తిరిగింది. "ఇన్నేళ్ళూ అందరికీ తెరిచే ఉందనుకున్నానండి" అంది, నాతోనో, తనలో తనో.

 లోపలికెళ్ళి పొడుగు బల్ల ఒకటి వరండాలోకి లాగడం మొదలుపెట్టింది. మాస్టారు లేచొచ్చి రెండో పక్క పట్టుకున్నారు. ఆ బల్లకి తడిక కట్టి, ఆడపిల్లలకి చోటు సిద్ధం చేసేసరికి నాలుగు రోజులైనా పడుతుంది. అందాకా ఏం చేస్తాం? రోడ్డు మీదకి తిప్పిన ఆటోని మళ్ళీ వెనక్కి తిప్పి, బాదం చెట్టు కిందకి తెచ్చి ఇంజను ఆపాను.

సుజన చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఆటో ఎక్కింది.

నా ఆటో ఎక్కేటప్పుడు చెప్పులు విప్పిన మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.